వాన ఏ పార్టీది?

మా మనవరాలు పీలేరు దగ్గర ఒక పల్లెలో వ్యవసాయ సహాయకురాలిగా చేరి రెండేళ్లయింది. మొన్న ఆదివారం తిరుపతికి వచ్చి, సంగటి ముద్ద కలుపుకుంటూ ఉన్నట్టుండి అడిగింది. "తాతా, మా ఊళ్లో చెనిక్కాయ దిగుబడి లెక్క తీయాల. పొద్దున ఒకాయన వచ్చి, పాపా, రొంత తగ్గించి రాయి, మండలం కరువు జాబితాలోకి వస్తాది అన్నాడు. సాయంత్రం ఇంకొకాయన వచ్చి, ఎక్కువ రాయి, మన ప్రభుత్వంలో పంట పోయిందంటే చెడ్డపేరు అన్నాడు. ఇద్దరూ ఒక పార్టీ వాళ్లే. నేనేం రాయాల?"

"కాటా ఏం చెప్తే అది రాయి" అన్నాను. ఆ మాట చాలలేదని ఆమె మొహం చూస్తేనే తెలిసింది. కాటా మాట రాసిన రోజున ఏమవుతుందో, రాయని రోజున ఏమవుతుందో రెండూ అనుభవించినవాణ్ని నేను. ముప్పై ఏడేళ్లు ఈ జిల్లా పొలాల్లో తిరిగే సర్కారు కొలువు చేసి 2016 సెప్టెంబరులో దిగిపోయాను. పార్టీలు మారడం చూశాను, వాటితోపాటు లెక్కలు మారడం చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద పెట్టినవి ఇవి. ఆమె కోసమే రాశాను. ఆమెలాంటి పిల్లలు ఊరూరా ఉన్నారు కాబట్టి అచ్చుకు ఇస్తున్నాను.

1. మేకు జరపొద్దు

పంటకోత ప్రయోగం అంటే బయటివాళ్లకు చిన్న పనిలా కనిపిస్తుంది. ఏ సర్వే నంబరు, ఆ చేలో ఏ మూల నుంచి ఎన్ని అడుగులు లోపలికి పోవాలి అనేది మన ఇష్టం కాదు. చీటీ తీసినట్టు వచ్చే అంకెలే చెబుతాయి. అక్కడికి పోయి ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పున నాలుగు మేకులు కొట్టి, తాడు కట్టి, అందులోని చెట్లు పీకి, కాయ వలిచి తూకం వేస్తాం. ఆ పాతిక చదరపు మీటర్లు ఊరి చేలన్నిటి తరఫునా మాట్లాడతాయి. ఇన్సూరెన్సు డబ్బు ఎవరికి రావాలి, కరువు ఎక్కడ ఉంది, వచ్చే ఏడు విత్తనం ఎంత కావాలి, ఇవన్నీ ఆ తూకం మీద నిలబడతాయి.

అంకె చూపిన చోట పైరు ఎండిపోయి ఉంటుంది. పది అడుగుల అవతల గుబురుగా ఉంటుంది. "సార్, ఈ పక్కకు రాండి, యాడైనా చేనే కదా" అంటారు. ఆ పది అడుగులు జరగడం పాపమని ఎవరికీ అనిపించదు. నేను కొత్తలో ఒకసారి జరిగాను. అడిగినాయన నాకు పెద్దవాడు, వాళ్లింట్లో మజ్జిగ తాగాను, కాదనలేకపోయాను. ఆ ఊరికి ఆ ఏడు దక్కాల్సిన సాయం దక్కలేదు. మేకు జరిపింది నేనే అని ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, ఈనాటికీ ఆ దోవన పోతే ఆ చేను వైపు చూడలేను.

2. ప్రకటన పక్కన పోలింగు తేదీ రాసుకో, కానీ తేదీ చూసి కాగితం పారేయొద్దు

1983 జనవరి 3. నాకు ఇరవై ఆరేళ్లు. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ ఆవరణలో 70వ భారత సైన్సు కాంగ్రెసు. ప్రధాని ఇందిరా గాంధీ వచ్చారు. దేశానికి ఒక సాంకేతిక విధానం ఉండాలని, ఆ విధాన ప్రకటనను ఈ ఊళ్లోనే చేశారు. రెండు రోజుల్లో, 5వ తేదీన, రాష్ట్రంలో అసెంబ్లీ పోలింగు. ఎన్టీ రామారావు గుడివాడతోపాటు తిరుపతి నుంచీ పోటీ చేస్తున్నారు. ఊరంతా ఆయన చైతన్య రథం కబుర్లే. 9న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

మా నాయన కాంగ్రెసు మనిషి. నేను రామారావు సైకిలుకు ఓటేశాను. సైన్సు సభలో చెప్పినదంతా ఓట్ల కోసం చెప్పిందేనని స్నేహితులతో గట్టిగా వాదించాను. ఆ విధాన పత్రం చదవకుండానే వాదించాను. చాలా ఏళ్ల తర్వాత శిక్షణ తరగతిలో అది చేతికొచ్చింది. సొంత కాళ్ల మీద నిలబడే సాంకేతిక శక్తి, ఆడవాళ్లకూ బలహీన వర్గాలకూ పని, తరాలుగా వస్తున్న చేతి నైపుణ్యాలకు ఆదరణ, ఇవీ అందులోని మాటలు. మా పల్లెలకు కావలసినవే. ఎవరు చెప్పారన్నదే చూసి, ఏం చెప్పారన్నది చూడకుండా పక్కన పెట్టేశాను. ఆ ప్రకటన మీద ఎన్నికల నీడ లేదని నేను అనను. ఏ ప్రభుత్వమైనా సైన్సు మాట చెప్పే వేళను చూసుకుంటుంది. ఆ వేళను గమనించాలి, మాటను వేరుగా తూకం వేయాలి.

సైన్సు కాంగ్రెసు మళ్లీ 2017 జనవరిలో ఇదే యూనివర్సిటీకి వచ్చింది. ఈసారి ప్రధాని మోదీ, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. మన రాష్ట్రం నుంచి ఎవరైనా నోబెల్ తెస్తే 100 కోట్లు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. పిల్లల చప్పట్లు ఆవరణ దాటి వినిపించాయి. ఆ చప్పట్లు విని నాకు సంతోషమే అనిపించింది, చిన్న పిల్లకు సైన్సు మీద ఆశ పుట్టడం మంచిదే కదా. కానీ నేను చూసిన కాలేజీల్లో ల్యాబు అటెండర్ల పోస్టులు ఏళ్లకేళ్లు ఖాళీగా ఉండేవి. ఆ పోస్టుల గురించి ఏ పార్టీ సభలోనూ చప్పట్లు మోగవు.

3. వాన పడ్డాక అడగాల్సిన ప్రశ్న: చల్లకపోయినా పడేదా?

దీని మీద నాకు చెప్పవలసింది చాలా ఉంది.

2002లో వానలు మోసం చేశాయి. దేశమంతా కరువు, మన సీమ సంగతి చెప్పనక్కర్లేదు. 2003లో చంద్రబాబు ప్రభుత్వం మేఘమథనం మొదలుపెట్టింది. 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి వచ్చాక కూడా అది కొన్నేళ్లు నడిచింది. జేఎన్‌టీయూ వాళ్ల పర్యవేక్షణ. రాడారులో మబ్బు కనిపిస్తే విమానం లేస్తుంది, మబ్బు అడుగునో లోపలో ఉప్పు రేణువులో సిల్వర్ అయొడైడో వదులుతుంది. ఆ రేణువుల చుట్టూ తేమ చేరి, చుక్క పెద్దదై, బరువెక్కి కిందికి రాలుతుంది. లెక్క అంతే. గుర్తుంచుకోవాల్సింది ఒకటే, లేని మబ్బును ఏ విమానమూ తేలేదు. వానకు ఇప్పటికే ఒళ్లు బరువెక్కిన మబ్బు దగ్గరికే అది పోతుంది.

అక్కడే చిక్కు. ఎటూ పడబోయే వాన పడితే, విమానం వల్ల పడిందని ఎట్లా తెలుస్తుంది?

తెలుసుకునే దారి ఉంది, మన దేశంలోనే ఉంది. పుణె వాతావరణ శాస్త్రవేత్తలు బారామతి ప్రాంతంలో 1973 నుంచి 1986 వరకు, మధ్యలో కొన్నేళ్లు వదిలి, పదకొండు వానాకాలాలు ఈ పరీక్ష చేశారు. ఏ రోజు ఏ వైపు చల్లాలి, ఏ వైపు వదిలేయాలి అన్నది చీటీ వేసి తేల్చుకున్నారు. చల్లిన చోటును చల్లని చోటుతో పోల్చారు. అప్పుడు గాని 24 శాతం ఎక్కువ అని చెప్పలేదు. ఆ తర్వాత 2018, 2019 వానాకాలాల్లో షోలాపూర్ దగ్గర మళ్లీ చీటీ వేసే పద్ధతిలోనే చేసి, సుమారు 18 శాతం పెరుగుదల ఉందని ప్రకటించారు. అంటే మేఘమథనం పిచ్చిమాట కాదు. సరైన మబ్బు ఉంటే, కొన్నిచోట్ల, కొంత మేలు. దాన్ని తెలుసుకోవడానికి ఏళ్లు పట్టింది, సగం మబ్బులను ముట్టుకోకుండా వదిలేసే ఓర్పు పట్టింది.

కరువులో ఉన్న ప్రభుత్వానికి ఆ ఓర్పు ఎక్కడిది? నల్ల మబ్బు పోతుంటే, "ఈరోజు చీటీలో వద్దని వచ్చింది, వదిలేద్దాం" అని ఏ మంత్రి చెప్పగలడు? ఆ కష్టం నాకు అర్థమవుతుంది. సాయం వేరు, పరీక్ష వేరు అని ముందే చెప్పుకొని ఉంటే సరిపోయేది. సాయంగా మొదలైనదాన్ని గెలిచిన పరీక్షగా చెప్పుకున్నారు.

ఇందులో నా వంతు ఉంది. ఆ రోజుల్లో నేను పనిచేసిన చోట ఒక ఫారం వచ్చింది. అందులో ఒక గడి, మేఘమథనం వల్ల కురిసిన వాన అని. పొద్దున ఎనిమిదిన్నరకు రెయిన్ గేజిలో చూసిన మొత్తం అంకెను ఆ గడిలో వేసేశాను. పది కిలోమీటర్ల అవతల, విమానం పోని మండలంలో కూడా ఆ రాత్రి అంతే వాన పడిందని నాకు తెలుసు. అయినా వేశాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. నేను ఓటేసిన ప్రభుత్వం మంచి పని చేస్తోందని నమ్మాను, ఆ నమ్మకమే చేతిని నడిపించింది.

ప్రభుత్వం మారాక అదే గడి, అదే విమానం. అప్పుడు నాకు అనుమానాలు పుట్టుకొచ్చాయి. టీ కొట్టు దగ్గర, "పోలిక లేకుండా ఎట్లా చెప్తారు?" అని పెద్దగా మాట్లాడాను. పక్కన కూర్చున్న ముసలి రైతు, "సారూ, నిరుడు కూడా విమానం తిరిగింది కదా, నిరుడెందుకు అడగల్యా? వాన ఏ పార్టీదైతే నీకేం?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏళ్లు దాటింది, ఆ మాట నా చెవిలోనే ఉంది.

అమ్మాయీ, నీకు నచ్చిన ప్రభుత్వం ఉన్న ఏడే నువ్వు గట్టిగా అడగాలి. అప్పుడు నీ మాట వినేవాళ్లు ఉంటారు, అప్పుడే నీకు అడగబుద్ధి కాదు.

4. కాపాడామనే లెక్కకు కాపాడని చేను పక్కన ఉండాలి

2016 ఆగస్టు, నా కొలువులో చివరి వానాకాలం. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన ఆగిపోయింది. ప్రభుత్వం రెయిన్ గన్‌లు దింపింది, ట్యాంకర్లతో, కుంటల్లోని నీళ్లతో ఒక తడి ఇచ్చే పని పెట్టుకుంది. ముఖ్యమంత్రి అనంతపురంలో మకాం వేశారు. లక్షల ఎకరాలు కాపాడామని ఒక పక్షం, పైరంతా ఎండిందని ఇంకో పక్షం. రెండు లెక్కలూ వేదికల మీద నుంచే వచ్చాయి.

ఆ సమయంలో ఒక తడి ఇస్తే పైరుకు మేలని ఏ రైతైనా చెబుతాడు, ఆ ఆలోచన తప్పు కాదు. ఎంత మేలు అనేదే ప్రశ్న. తడిపిన చేలో ఒక మడి, దాని గట్టు అవతల తడపని చేలో ఒక మడి, కోత నాడు రెండూ తూకం వేస్తే తేలిపోయేది. నేను తిరిగిన చోట్ల రెండు మూడు చేలల్లో నా తృప్తి కోసం అట్లా చేసి చూశాను. ఒకచోట తేడా బాగా కనిపించింది, ఇంకోచోట కనిపించలేదు, ఎందుకంటే అక్కడ నీళ్లు వచ్చేసరికే ఊడలు ఎండిపోయాయి. పైరుకు వారం ముందు, వారం వెనక అన్నదే ప్రాణం. ఆ వారం సంగతి ఏ పార్టీ ఉపన్యాసంలోనూ రాలేదు.

5. కాళహస్తి తెగులుకు కండువా లేదు

1970ల్లో శ్రీకాళహస్తి ప్రాంతంలో చెనిక్కాయలు నల్లబడి, కాయ గిడసబారి, ఊడ పొట్టిదై తెగిపోవడం మొదలైంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. మన్ను తవ్వి, కడిగి, అద్దాల కింద చూస్తే కంటికి కనపడని నులిపురుగు బయటపడింది. ప్రపంచం ఆ తెగులును ఈనాటికీ కాళహస్తి పేరుతోనే పిలుస్తుంది. తిరుపతి పరిశోధన కేంద్రంలో వాళ్లు ఏళ్ల తరబడి మొక్కను మొక్కతో కలిపి, ఆ పురుగును తట్టుకునే తిరుపతి-3 లాంటి రకాలు తెచ్చారు. ఈ పని మొదలైన నాటికీ రకం రైతు చేతికి వచ్చిన నాటికీ మధ్య ఎంతమంది ముఖ్యమంత్రులు మారారో లెక్కపెట్టుకో.

గాదంకి సంగతీ అంతే. చంద్రగిరి దాటి పాకాల దోవలో పోతే, కొండల నడుమ 1,024 యాంటెన్నాలు వరసగా పాతి ఉంటాయి. వాతావరణాన్ని పై పొరలదాకా చూసే రాడారు అది. 1990ల మొదట్లో మొదలైంది. మేఘమథనం మీద ఇక్కడ పార్టీలు కొట్టుకుంటున్న రోజుల్లో కూడా ఆ రాడారు తన పాటికి తాను గాలి కదలికలు రాసుకుంటూనే ఉంది. ఏ జెండా ఎగిరినా. ఆ దోవన పోయేటప్పుడల్లా బస్సు కిటికీలోంచి అటు చూసేవాణ్ని, మనసు నెమ్మదించేది.

6. జనం ఏడుస్తున్నప్పుడు "ఆగండి" అనడం కష్టం, ఎవరో ఒకరు అనాలి

2021 మే. మన పక్కనే కృష్ణపట్నం. కరోనాకు నాటువైద్యుడు ఆనందయ్య ఇచ్చే మందు కోసం జనం వేలల్లో బారులు తీరారు. ఆక్సిజన్ దొరక్క మనుషులు పోతున్న రోజులు, వాళ్లను నేను తప్పు పట్టను. మా వీధిలోనూ ఒకరు తెచ్చుకున్నారు. ప్రభుత్వం పంపిణీ ఆపి పరిశీలించమంది. తిరుపతి ఆయుర్వేద కాలేజీ వైద్యులకు, మందు వాడినవాళ్లను విచారించే పని వచ్చింది. నెలాఖరుకు, 31న, కంట్లో వేసే చుక్కలు వద్దని, మిగతావాటిలో కొన్నిటిని ఇవ్వొచ్చని అన్నారు. కోవిడ్ తగ్గుతుందని ఆధారం లేదని, హాని కూడా కనపడలేదని, డాక్టరు ఇచ్చిన మందులు మానొద్దని పరిశీలించినవాళ్ల నివేదికల సారం.

హాని లేదు అనే మాటకూ, పని చేస్తుంది అనే మాటకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని జనానికి విడమరిచి చెప్పాల్సింది నాయకులు. ఒక పార్టీ వాళ్లు మందును నెత్తికెత్తుకుంటే, రెండో పార్టీ వాళ్లు దాన్ని అడ్డుకుంటున్నారని గోల చేశారు. మందు పనితనం మీద కాదు, ఎవరు పంచాలి అనే దాని మీద తగువు. పది రోజులు ఓపిక పట్టండి అన్న పెద్దగొంతు నాకు ఏ వైపు నుంచీ వినిపించలేదు.

7. ల్యాబు కాగితాన్ని చివరి పేజీదాకా చదువు

ఇది రాస్తుంటే చేయి బరువెక్కుతుంది. శ్రీవారి ప్రసాదం మాట. మా అమ్మ లడ్డు తుంచి కళ్లకద్దుకొని గాని నోట్లో వేసుకునేది కాదు.

2024 జూలైలో తిరుమలకు వచ్చిన నెయ్యి ట్యాంకర్ల నుంచి నమూనాలు తీసి గుజరాత్‌లోని ఆనంద్‌కు, జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ల్యాబుకు పంపారు. సెప్టెంబరు 18న ముఖ్యమంత్రి చంద్రబాబు, గత ప్రభుత్వ కాలంలో ప్రసాదం నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందన్నారు. మర్నాడు ల్యాబు కాగితాన్ని ఆయన పార్టీ వాళ్లు మీడియా ముందు పెట్టారు. వైఎస్సార్ కాంగ్రెసు వాళ్లు అబద్ధమన్నారు. దేశమంతా మండిపోయింది.

ఆ కాగితం ఏం చెబుతుందో మనం తెలుసుకోవాలి. పాలకొవ్వులో చిన్నా పెద్దా కొవ్వు అణువులు రకరకాలు ఉంటాయి. వాటి పాళ్లను యంత్రంతో విడదీసి, కొన్ని సూత్రాల్లో వేసి ఒక అంకె తీస్తారు, ఎస్-వాల్యూ అంటారు. స్వచ్ఛమైన పాలకొవ్వుకు మొత్తం సూత్రంలో అది 95.68 నుంచి 104.32 మధ్య ఉండాలి. అంకె ఆ హద్దు దాటితే పరాయి కొవ్వు ఉందని అనుమానం. ఏ సూత్రంలో దాటిందో చూసి, ఏ జాతి కొవ్వు కావచ్చో చెబుతారు. ఆ జాబితాలో సోయా, పామాయిల్ లాంటి నూనెలూ ఉంటాయి, చేపనూనె, పశుకొవ్వు, పందికొవ్వు కూడా ఉంటాయి. అదే నివేదికలో ఇంకో మాట కూడా ఉంది. ఆవుకు మేత చాలకపోయినా, నూనెగింజల దాణా ఎక్కువ పెట్టినా, మరికొన్ని పరిస్థితుల్లోనూ మంచి నెయ్యి అంకె కూడా హద్దు దాటవచ్చు అని. టీవీల్లో చేపనూనె మాట వెయ్యిసార్లు విన్నాను, ఈ మాట వేళ్ల మీద లెక్కపెట్టేన్నిసార్లు.

నెయ్యి మంచిదని నేను అనడం లేదు. ఆ నమూనాల అంకెలు హద్దు దాటాయి, గట్టిగా విచారించాల్సిందే. కల్తీ పట్టే సొంత ల్యాబు సౌకర్యం లేదని దేవస్థానం అప్పటి ఈవోనే అప్పట్లో చెప్పారు. కోట్లమంది నమ్మకం ఉన్న చోట, ఎన్ని ప్రభుత్వాలు వచ్చిపోయినా ఆ చిన్న ఏర్పాటు లేకపోయిందంటే గుండె కలుక్కుమంటుంది. నా బాధ ఇంకోటి. అనుమానాన్ని నిర్ధారణగా చెప్పే పని ల్యాబు చేయలేదు, వేదికలు చేశాయి. ల్యాబు మాట విచారించేవాళ్ల దగ్గరికి ముందు పోవాలి, పార్టీ ఆఫీసుకు కాదు. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు దేవుణ్ని రాజకీయాల నుంచి దూరంగా ఉంచాలన్నారు. ఆ నెయ్యినే లడ్డూకు వాడారనే ఆధారం ఏదని అడిగారు. అక్టోబరు 4న ఐదుగురితో ప్రత్యేక దర్యాప్తు బృందం వేశారు. ఇద్దరు సీబీఐ నుంచి, ఇద్దరు రాష్ట్ర పోలీసుల నుంచి, ఒకరు ఆహార భద్రతా సంస్థ నుంచి. ఆ ఐదో మనిషి ఉండటం నాకు ఊరటనిచ్చింది. కొవ్వు సంగతి కొవ్వు తెలిసినవాళ్లు చెప్పాలి.

మా పక్కింటావిడ ఆ నెలంతా లడ్డు ముట్టలేదు. "నాయనా, ఎవరి మాట నమ్మేది? ఇద్దరూ ఓట్ల కోసం తిరిగేవాళ్లే" అంది. కొలతను పార్టీ చేతికిస్తే జనం పార్టీని మాత్రమే అనుమానించరు. కొలతనే అనుమానిస్తారు. ఆ నష్టం పూడ్చడానికి ఏ దర్యాప్తు బృందమూ చాలదు.

8. రక్తంలో సీసం ఎవరి ఓటరో చూడదు

2021 ఏప్రిల్ 30న కాలుష్య నియంత్రణ మండలి, కరకంబాడిలోనూ చిత్తూరు దగ్గర నూనెగుండ్లపల్లిలోనూ ఉన్న అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీలకు మూసివేత ఉత్తర్వులు ఇచ్చింది. కారణం సీసం కాలుష్యమని చెప్పింది. యజమానుల కుటుంబం నుంచి అప్పటి తెలుగుదేశం ఎంపీ ఉన్నారు కాబట్టి కక్ష అని ఒక పక్షం, ప్రజల ఆరోగ్యం అని రెండో పక్షం. కొద్ది రోజుల్లోనే హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపేసింది. తర్వాత వ్యవహారం కోర్టుల్లో నడిచింది, తప్పొప్పులు తేల్చడం నా పని కాదు.

నేను గమనించింది ఒకటే. ఆ వారాల్లో మా ఊళ్లో ఎవరు మాట్లాడినా కంపెనీ ఎవరిది అన్న మాటే. సీసం మనిషి ఒంట్లోకి ఎట్లా పోతుంది, పిల్లల మెదడుకు ఏం చేస్తుంది, రక్తంలో ఎంతుంటే ప్రమాదం, ఇవి అడిగినవాళ్లు తక్కువ. కక్ష అని నమ్మినవాడు సీసం మాటే అబద్ధమనుకున్నాడు. కాదని నమ్మినవాడు పరీక్ష అక్కర్లేకుండానే తీర్పు చెప్పేశాడు. షిఫ్టు దిగి ఇంటికొచ్చే కార్మికుడికి కావలసింది ఈ రెండూ కావు. ప్రతి ఏడూ, ఏ ప్రభుత్వమున్నా, ఒకే పద్ధతిలో, ఒకే గడువులో జరిగే రక్తపరీక్ష కావాలి. ఎన్నికల తర్వాత మాత్రమే నిద్రలేచే తనిఖీని ఎవరు నమ్ముతారు? అది నిజం చెప్పినా నమ్మరు.

9. బోర్డు మారనీ, రిజిస్టరు పోనివ్వొద్దు

నువ్వు పనిచేసే కేంద్రానికి 2020లో రైతు భరోసా అని పేరు. 2024 తర్వాత రైతు సేవా అయింది. గోడల రంగు మారింది. మారనీ. లోపల బీరువాలో నీ ముందున్న పిల్లవాడు రాసిన భూసార పరీక్షల రిజిస్టరు ఉందా? దాన్ని ఎవరూ పాత ప్రభుత్వపు చెత్త అని పారేయకుండా చూడు.

ప్రకృతి సేద్యం దీనికి మంచి ఉదాహరణ. 2018 జూన్‌లో చంద్రబాబు ప్రభుత్వం, 2024 నాటికి 60 లక్షల మంది రైతులు, 80 లక్షల హెక్టార్లు అని లక్ష్యం చెప్పింది. 2019లో ప్రభుత్వం మారినా కార్యక్రమం నిలిచింది. మళ్లీ మారినా నిలిచింది. మన రాష్ట్రంలో ఇది అరుదు, మెచ్చుకోవాలి. అదే 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ, ఈ పెట్టుబడి లేని ప్రకృతి సేద్యానికి తగిన పరీక్షా ఫలితాలు లేవని అభ్యంతరం చెప్పింది. దాన్ని కొందరు ఎరువుల కంపెనీల మాట అన్నారు. నేను వానలకు ముందే నవధాన్యాలు చల్లిన చేలు చూశాను, మట్టిలో చెమ్మ నిలవడం చేత్తో పట్టి చూశాను. దిగుబడి కూడా నిలుస్తుందా అంటే, అది నడిపేవాళ్లు కాకుండా వేరేవాళ్లు, పది పదిహేనేళ్లు, ఒకే చేలల్లో కొలిచి చెప్పాలి. పాత రిజిస్టరు లేకపోతే ఎవరు చెప్పగలరు?

10. సంతకం పెట్టు

పైవాళ్ల మాట కోసం లెక్క మార్చే ఈ జబ్బు మనకొక్కరికే కాదు. 2019 సెప్టెంబరు 1న అమెరికా అధ్యక్షుడు ట్రంప్, వస్తున్న ఒక తుపాను అలబామా రాష్ట్రాన్ని కూడా గట్టిగా తాకుతుందన్నాడు. అక్కడి బర్మింగ్‌హామ్ వాతావరణ కార్యాలయం వాళ్లు నిమిషాల్లోనే, తమ రాష్ట్రానికి ముప్పు లేదని జనానికి చెప్పారు. వాళ్ల లెక్కే నిజమైంది. ఐదు రోజుల తర్వాత పైసంస్థ నుంచి, ఆ చిన్న కార్యాలయం చెప్పింది తప్పు అన్నట్టు ఒక ప్రకటన వచ్చింది. దాని కింద ఎవరి సంతకమూ లేదు. మరుసటి ఏడు విచారణలో, ఆ పైసంస్థ తాత్కాలిక అధిపతి శాస్త్రీయ నిజాయితీ నియమాన్ని ఉల్లంఘించాడని తేలింది.

అంత పెద్ద దేశంలో ఒక మూల కార్యాలయంలో కూర్చున్నవాళ్లు, తుపాను దోవను చూసి చూసినట్టు చెప్పారు. నీ ఉద్యోగం వాళ్ల ఉద్యోగం కంటే చిన్నదేమీ కాదు. నువ్వు రాసిన అంకె కింద నీ పేరు, తేదీ, వేళ ఉండాలి. ఎవరైనా మార్చమంటే, మార్చమన్నవాళ్ల పేరూ తేదీ కూడా అడుగు. నా అనుభవంలో, కాగితం మీద రాసిమ్మంటే నూటికి తొంభైమంది అక్కడే ఆగిపోయారు.

ఇదంతా రాసి ఉంచిన మూడో రోజు మనవరాలు పొలంలో నుంచి ఫోన్ చేసింది. గాలి హోరులో మాట సరిగా వినిపించలేదు. "తాతా, అంకె చూపిన చోటే మేకులు కొట్టినాను. పచ్చికాయ 2 కిలోల 110 గ్రాములు." తగ్గించమన్నాయన, పెంచమన్నాయన, ఇద్దరూ తూకం దగ్గరికి వచ్చారంట. ఇద్దరిచేతా సాక్షి సంతకాలు పెట్టించిందంట. ఎండబెట్టాక మళ్లీ తూకం వేయాలి. గోనెసంచి ఆఫీసు మిద్దె మీద ఉంది, పడమర మబ్బు పడుతోంది అంది. టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి పొమ్మని చెప్పాను.